పదో పేరా సున్నా అయిన రోజు

నాకు సంతోషం వస్తే దాచుకోవడం చేతకాదు. చిన్నప్పుడు మా నాన్న కొల్లేటి నుంచి వచ్చిన చేపల లోడు దించుకుంటూ ఒక పెద్ద కొర్రమీనును ఎత్తి చూపిస్తే, నేను వీధి చివరిదాకా పరుగెత్తి ప్రతి గుమ్మంలోనూ దాని పొడవు చేతులతో కొలిచి చూపించి వచ్చేదాన్నట. ముప్పై దాటినా ఆ గుణం పోలేదు. ఇప్పుడు కొర్రమీనుల బదులు ఎక్స్‌పాత్ ఫంక్షన్లు చూసి గంతులేస్తున్నాను, అంతే తేడా. అవేమిటో మా ఇంట్లో ఒక్కరికీ అక్కర్లేదు. అందుకని నా గంతులన్నీ ఆఫీసులోనే.

ఆ ఆఫీసు గవర్నర్‌పేటలో ఉంది. కింద బ్యాగుల హోల్‌సేల్ షాపు, పైన లాడ్జి, మధ్య అంతస్తులో మేము. ఇబ్రహీంపట్నంలో పొద్దున్నే బస్సెక్కితే, ట్రాఫిక్ కరుణిస్తే, తొమ్మిదిన్నరకి నా కుర్చీలో ఉంటాను. పబ్లిషర్లు పంపే పుస్తకాలను ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్ళుగా మార్చడం మా పని. అదేమిటని ఎవరైనా అడిగితే నేను ఇలా చెబుతాను: పుస్తకంలో ప్రతి ముక్కకీ పేరు రాసిన సంచి తొడుగుతామండీ. అధ్యాయం అని ఒక సంచి, దాని లోపల భాగం అని ఇంకో సంచి, దాని లోపల పేరాల సంచులు. ఒక్కసారి అలా సర్దిపెడితే ఆ పుస్తకాన్ని కాగితం మీద అచ్చు వేసుకోవచ్చు, ఫోన్లో చదువుకోవచ్చు, ఏ పేరా కావాలన్నా క్షణంలో బయటికి లాగొచ్చు. కింద వాళ్ళు సంచులు అమ్ముతున్నారు, పైన మనం తొడుగుతున్నాం అని మా మేనేజరు గారు అప్పుడప్పుడూ నవ్వుతారు.

మా దగ్గర ప్రూఫులు చూసే పెద్దాయన ఒకరుండేవారు. అందరం మాస్టారూ అని పిలిచేవాళ్ళం. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. నెరిసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు. వన్‌టౌన్‌లో ఒక ప్రెస్సులో నలభై ఏళ్ళపాటు సీసపు అక్షరాలు పేర్చి, ఆ ప్రెస్సు మూతపడ్డాక మా దగ్గరకి వచ్చారు. ఒక కంటికి శుక్లం తీయించుకున్నాక కంప్యూటరు తెర వెలుతురు ఆయనకి పడేది కాదు. అందుకని ఆఫీసు మొత్తంలో ఆయన ఒక్కరికే ప్రూఫులు కాగితం మీద తీసి ఇచ్చేవాళ్ళం. ఇంటి దగ్గర విశ్రాంతిగా ఉండొచ్చు కదండీ అని ఒకసారి అన్నాను. "ఇంట్లో కూర్చుంటే వేళ్ళు ఊరుకోవమ్మా, ఏదో ఒకటి పేరుస్తానంటాయి" అన్నారు. ఆయన మనవరాలి స్కూలు పుస్తకాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేసి చీవాట్లు తిన్నారట.

నేను చేరిన కొత్తలో ప్రూఫు గుర్తులన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అక్షరం తీసేయాలంటే ఎలా గీయాలి, రెండు మాటలు కలపాలంటే ఏం పెట్టాలి, అన్నీ. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. తొందరపడి ఒక మాట కొట్టేశాం, తర్వాత అది ఉండాల్సిందేనని తెలిసింది అనుకోండి. కొట్టేసిన ఆ మాట కింద వరసగా చుక్కలు పెడితే చాలు. ఉండనీ, తీయొద్దు అని దానర్థం. మళ్ళీ రాయక్కర్లేదు, సంజాయిషీ అక్కర్లేదు. పెన్సిల్ మొనతో నాలుగు చుక్కలు పెట్టి ఒక మాటను బతికించవచ్చన్న సంగతి నాకు భలే అనిపించింది.

కిందటేడు వానలకు ముందు మాకొక పెద్ద పుస్తకం వచ్చింది. చేపల చెరువుల సాగు మీద రెండు సంపుటాలు. మాది చేపల ఇల్లు కాబట్టి ఆ పని నాకే ఇమ్మని నేనే అడిగి తీసుకున్నాను. కానీ క్లయింటు ఒక మెలిక పెట్టాడు. ఇంకా కాగితం మీద పెన్సిలుతో చూడటమేమిటి, తప్పులు పట్టే ప్రోగ్రాములున్నాయి కదా, ఆ పెద్దాయన ఎందుకు అని. మేనేజరు గారు మాస్టారి పక్షాన మాట్లాడి చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మొదటి సంపుటం మాస్టారే చూస్తారు. అందులో తప్పులు దొర్లకపోతే రెండోదీ ఆయనే. దొర్లితే ఇక కాగితం ప్రూఫులు ఆపేయడమే. కాగితం ఆపేస్తే ఆయన చేయగల పని మా ఆఫీసులో ఇంకొకటి లేదు.

పని జరిగే తీరు ఇది. ఫైలును ముందు ఒక ప్రోగ్రాము చదువుతుంది. అనుమానం వచ్చిన ప్రతిచోటా ఒక చీటీ రాస్తుంది. కొలత ఉంది, దాని ముందు అంకె లేదు, పట్టికలో గడి ఖాళీగా ఉంది, ఇలాంటివి. దాని అనుమానాల్లో సగం ఉత్తవే. నిజంగా తప్పో కాదో మనిషి వెళ్ళి చూసి, ఉంటే దిద్దాలి, లేకపోతే "లేదు" అని రాయాలి. తెర మీద అయితే చీటీ నొక్కగానే ఆ చోటికి తీసుకుపోతుంది. కాగితానికి నొక్కేదేముంది? చీటీ మీద రాసిన దారి పట్టుకునే వెళ్ళాలి.

ఆ దారి చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. పుస్తకం నుంచి మొదలుపెట్టి పేరాదాకా ఏ సంచిలోంచి ఏ సంచిలోకి వెళ్ళాలో వరసగా రాసి ఉంటుంది. ఆ వరస మంచిదే. కానీ ప్రతి సంచి పేరుకీ ముందు ఒక ఇంటిపేరు తగిలించి ఉంది. ఆ ఇంటిపేరు బారెడు వెబ్ అడ్రసు. అయిదు సంచులుంటే అయిదుసార్లూ అదే అడ్రసు. దానికి తోడు ప్రతి పేరు వెనకా బ్రాకెట్లలో ఒక అంకె. ఉన్న పుస్తకం ఒక్కటే అయినా పుస్తకం[1] అని రాయందే దానికి తోచదు. ఒక్కో దారి మూడు వరసలు వచ్చింది. మాస్టారు మొదటి చీటీని కళ్ళద్దాలు పైకి నెట్టి ఒకసారి, కిందికి దించి ఒకసారి చూసి, "ఇది తప్పు ఎక్కడుందో చెప్తందా, దాస్తందా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, ఆ చీటీ మీద. మనిషి కోసం రాసిన చీటీని మనిషి చదవలేకపోతే ఎలా? ఆ దారి కూడా చివరికి ఒక అక్షరాల వరసే కదా, దాన్ని కోసి, కత్తిరించి, చదివేలా చేయలేనా అని కూర్చున్నాను.

ఈ సంచుల్లో ఏది ఎక్కడుందో పట్టి తీసే భాష ఎక్స్‌పాత్. మా ఆఫీసులో ఉన్నది పాత ఎక్స్‌పాత్. కొత్త వాటిలో ఉన్న ఫంక్షన్లు చాలా ఇందులో లేవు. ఉన్నవి నాలుగైదు. ఒకటి, ఫలానా గుర్తు తర్వాత ఉన్నదంతా ఇవ్వు అంటే ఇస్తుంది. ఒకటి, ఫలానా గుర్తుకు ముందున్నది ఇస్తుంది. ఒకటి ముక్కలు కలుపుతుంది. ఒకటి అక్షరాలు మారుస్తుంది, తీసేయమంటే తీసేస్తుంది, దాని పేరు ట్రాన్స్‌లేట్. మా అమ్మ వంటింట్లో ఒక కత్తిపీటతోనే అన్నీ కోసినట్టు, వీటితోనే కానిచ్చేయాలి.

ముందు ఇంటిపేరు మీద పడ్డాను. అది ముగిసేచోట ప్రతిసారీ ఒక మూసే గుర్తు ఉంది. ఆ గుర్తు తర్వాత ఉన్నది మాత్రమే ఇవ్వమన్నాను. బారెడు అడ్రసు మాయమై "అధ్యాయం[3]" అని బయటపడింది. నక్క తోక తొక్కినట్టే అనిపించింది. తర్వాత ఆ అక్కర్లేని "[1]". ఒక్కటే ఉన్నదాన్ని ఒకటోది అని చెప్పడమెందుకు? ట్రాన్స్‌లేట్‌కి "[1]" అని ఇచ్చి, ఇవి తీసేయమన్నాను. మొదటి అధ్యాయం మీద పరీక్షించాను. మూడు వరసల దారి ఒక్క వరస అయింది: అధ్యాయం/భాగం2/పేరా4 లాగా (అంకె లేకపోతే ఒకటోదని అర్థం), శుభ్రంగా, తడిగుడ్డతో తుడిచినట్టు. కాళ్ళు నేల మీద ఆగలేదు. లేచి నిలబడి ఆఫీసంతా వినబడేలా చెప్పాను. ఇద్దరు తల తిప్పి చూసి మళ్ళీ తమ పనిలో పడ్డారు. మాస్టారు మాత్రం కాగితం తీసుకుని వేలితో వరస వెంట నడిచి, "ఇది అడ్రసు. ఇప్పుడు వెళ్ళగలను" అన్నారు. ఆ మాటకి నేను మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంబరం.

ఆయనకొక పద్ధతి ఉండేది, ప్రెస్సు నాటిది. ఒకరు చోటు చదవాలి, రెండోవారు ప్రూఫు మీద వేలుతో ఆ చోటికి వెళ్ళి "చేరాను" అనాలి. ఆ మాట వినేదాకా మొదటివాళ్ళు తర్వాతది చదవకూడదు. ప్రెస్సులో యంత్రాల మోతలో పుట్టిన అలవాటట, మోత పోయినా అలవాటు ఉండిపోయింది. అలా నేను చదవడం, ఆయన చేరడం. "మూడో అధ్యాయం, రెండో భాగం, నాలుగో పేరా." "చేరాను. ఉంది." పెన్సిలు ఒకసారి కదులుతుంది. "మూడో అధ్యాయం, నాలుగో భాగం, రెండో పేరా." "చేరాను. ఇక్కడేం లేదమ్మా." నేను "లేదు" అని రాసుకుంటాను. ప్రోగ్రాముకి ఉత్త అనుమానాలు ఎక్కువని ముందే తెలుసు కాబట్టి ఆ లేదులు ఇద్దరికీ వింతగా తోచలేదు. సోమవారం మొదలుపెట్టి బుధవారానికి సగం సంపుటం ముగించాం. నేను జవాబులన్నీ కలిపి పంపేశాను. పంపేముందు దారులను సులువు చేసిన నా ఫైలుకి అందమైన పేరు కూడా ఒకటి పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున మేనేజరు గారు మా బల్ల దగ్గరకి వచ్చి ప్రింటు తీసిన మెయిలు పెట్టారు. మాస్టారు "లేదు" అన్న చోట్లలో చాలావాటిలో తప్పులు అలాగే ఉన్నాయి. క్లయింటు వాటిని ఒక్కొక్కటే ఎత్తి రాశాడు. సాయంత్రం నాలుగింటికి ఫోన్లో మాట్లాడదాం, ఇక కాగితం సంగతి తేల్చేద్దాం అన్నది చివరి వాక్యం.

మాస్టారు మెయిలు పూర్తిగా చదివారు. మడత పెట్టి బల్ల మీద ఉంచి, "నా కన్నే అయ్యుంటదండీ. ఆపరేషనయ్యాక కూడా ఒక్కోసారి వరసలు కదిలినట్టుంటాయి. మీకు చెప్పలేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నీకు మాటొచ్చింది నా వల్ల, ఏమనుకోకమ్మా" అన్నారు.

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణంలో నేను ఆయన మాట నమ్మాను. ఆయన కళ్ళ మీద జాలిపడ్డాను. మంచి కళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్దాం లెండి, నేను తీసుకెళ్తాను అని కూడా అన్నాను. నా ఫైలు మీద నాకు ఒక్క గింజంత అనుమానం రాలేదు. అంత ముచ్చటపడి చేసినదాన్ని అనుమానించడం నా వల్ల అయ్యే పని కాదు.

"నాలుగింటిదాకా ఖాళీగా ఎందుకు కూర్చోవడం? మిగతాది చదువు. మొదలుపెట్టిన ఫారం సగంలో వదిలేసి ఇంటికి పోవడం నాకలవాటు లేదు" అన్నారు ఆయన. అచ్చుకి పేర్చి బిగించిన పేజీలను ప్రెస్సులో ఫారమంటారు. రెండో సగం చీటీలు తీసి చదవడం మొదలుపెట్టాను.

"ఆరో అధ్యాయం, మూడో భాగం, అయిదో పేరా."

"చేరాను. ఉంది."

"ఆరో అధ్యాయం, మూడో భాగం, సున్నా పేరా."

తలెత్తి చూస్తే ఆయన వేలు మార్జిన్లో ఆగిపోయి ఉంది. "ఏ పేరా అన్నావు?"

"సున్నా" అన్నాను, అన్నాక గానీ నాకే వినబడలేదు.

"సున్నా పేరా ఎక్కడుంటదమ్మా? నేను యాభై ఏళ్ళుగా చూస్తన్నాను, ఏ పుస్తకమూ సున్నాతో మొదలవలేదు." ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే ఆలోచిస్తున్నారు. "సున్నా ఒక్కటే రాదు. దాని ముందు ఎవరో ఉండాలి" అంటూ వేలితో పేరాలు లెక్కపెట్టారు. ఆ భాగంలో మొత్తం పద్నాలుగున్నాయి. పదో పేరా దగ్గర ఆగారు. చెరువులో నీరు ఆమ్లమైతే ఎకరానికి కిలోల సున్నం చల్లాలి అని ఉంది. ఎన్ని కిలోలో లేదు. అంకె ఎగిరిపోయింది. నాకు చేపల సంగతి తెలుసు. ఆ అంకె లేకుండా పుస్తకం బయటికి వెళ్తే, చదివిన రైతు తన తెలివికొద్దీ ఎంతో కొంత చల్లి చెరువులో చేపలన్నీ వెల్లకిలా తేలడం చూస్తాడు.

"చేరాను" అన్నారు మాస్టారు. "ఉంది."

ఆయన అప్పటికే క్లయింటు మెయిలు మడత విప్పి మొదటి తప్పు దగ్గర వేలు పెట్టారు. "ఇది నువ్వు నాకు రెండో పేరా అని చదివావు. వీళ్ళేమో తప్పు పన్నెండో పేరాలో ఉందంటన్నారు. తర్వాతది చూడు, మూడో పేరా అని చదివావు, తప్పు ముప్పై ఒకటిలో ఉంది." ఇద్దరం ఒకే కాగితం మీదికి వంగాం. ఆ తర్వాతది ఇరవై ఒకటి, రెండు అయింది. పదకొండో పేరా అయితే మొత్తానికే అంకె లేకుండా పోయింది, ఒకటో పేరా అనుకుని ఆయన అక్కడికెళ్ళి వెతికారు. పదమూడు మూడు అయింది. ఒక్కొక్కటీ తెలుస్తుంటే ఆయన ముఖంలో వెలుగు పెరుగుతోంది, వేలు తబలా వాయించినట్టు బల్ల మీద ఆడుతోంది. నాకు భయం, సంతోషం రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. ఏది ముందు పడాలో తెలియక కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను.

"ఒకటిని ఏం చేశావమ్మా నువ్వు?" అని అడిగారు.

తెర మీద నా ఫైలు తెరిచి, ఆయన కంటికి వెలుతురు తగ్గించి చూపించాను. బ్రాకెట్టు, ఒకటి, బ్రాకెట్టు కలిపి ఒక ముక్క, అది ఎక్కడ కనిపించినా తీసేయమని చెప్పానండీ అన్నాను. ట్రాన్స్‌లేట్ ఎలా పనిచేస్తుందో ఆయనకి అర్థమయ్యేలా చెప్పబోయి, చెబుతూ చెబుతూ మధ్యలో నేనే ఆగిపోయాను. అది ముక్కను చూడదు. అక్షరాలను చూస్తుంది. ఇచ్చిన మూడింటినీ విడివిడిగా తీసుకుని, ఎక్కడ తెరిచే బ్రాకెట్టు కనిపిస్తే అక్కడ తీసేస్తుంది, ఎక్కడ మూసే బ్రాకెట్టు కనిపిస్తే అక్కడ, ఎక్కడ ఒకటి కనిపిస్తే అక్కడ. పన్నెండులో ఒకటుంది, తీసేసింది. పదిలో ఒకటుంది, తీసేసింది. నేను పరీక్షించిన మొదటి అధ్యాయంలో ఏ భాగంలోనూ పది పేరాలు లేవు. నా తలకి తట్టలేదు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "నేను ప్రెస్సులో చేరినప్పుడు మొదటి ఏడాది నాకిచ్చిన పని ఇదేనమ్మా. అచ్చయిపోయిన ఫారం విప్పి, అక్షరాలు ఏ గడివి ఆ గడిలో తిరిగి వేయడం. మాట చదివేవాడు ఆ పనికి పనికిరాడు. అమ్మ అనో అన్నం అనో చదివామంటే చెయ్యి ఆగిపోద్ది. అక్షరాన్నే చూడాలి, ఏరాలి, వేయాలి. నీ పనివాడు మంచోడే. నువ్వు మాటనిచ్చి తీయమన్నావు, వాడు అక్షరాలేరాడు."

నలభై ఏళ్ళు సీసం పట్టిన మనిషి, ఎక్స్‌పాత్ అన్న పేరు కూడా సరిగ్గా పలకని మనిషి, నేను రెండేళ్ళుగా వాడుతున్న ఫంక్షన్ స్వభావం ఒక్క నిమిషంలో చెప్పేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ సిగ్గు మీద సంతోషమే పైకి తేలింది, ఏం చేయను, నా గుణమే అంత. మాస్టారూ, మీ కన్ను బాగానే ఉందండీ అన్నాను. ఆయన ఒక్కసారి కిటికీ వైపు చూశారు. "అవునమ్మా" అన్నారు. ఆపరేషనయినప్పటి నుంచీ ఆ కంటినెంత భయపడుతూ చూసుకున్నారో అప్పుడు తెలిసింది నాకు.

ఒంటిగంటకి ఆయన జుమ్మా నమాజుకి బయల్దేరారు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అసలు ఒకటిని తీయడమెందుకు? ఒకటో పేరా అయితే ఒకటో పేరా అనే చెప్పు. ప్రెస్సులో మేం ఒకటిని మింగేవాళ్ళం కాదు" అన్నారు. నేనేమో అప్పటికే ముందున్నది, వెనకున్నది ఇచ్చే ఫంక్షన్లతో మొత్తం ముక్కను పట్టుకుని తీసే పెద్ద మార్గం ఒకటి ఆలోచించి, సగం రాసి కూర్చున్నాను. ఆయన మాట విన్నాక అదంతా చెరిపేశాను. ట్రాన్స్‌లేట్‌కి ఇచ్చిన మూడు గుర్తుల్లోంచి మధ్యదాన్ని, ఆ ఒకటిని, కొట్టేశాను. రెండు బ్రాకెట్లే మిగిలాయి. అక్షరాలేరేవాడికి ఏరాల్సిన అక్షరాలే ఇచ్చాను. మూడు రోజుల గొడవకి మందు ఒక్క అక్షరం కొట్టేయడమే అయింది.

ఆయన తిరిగి వచ్చేసరికి కొత్త చీటీలు బల్ల మీద ఉన్నాయి. లేదన్న చోట్లన్నీ మళ్ళీ మొదటినుంచి చదివాను. "రెండో అధ్యాయం, ఒకటో భాగం, పన్నెండో పేరా." "చేరాను. ఉంది." "రెండో అధ్యాయం, అయిదో భాగం, పదకొండో పేరా." "చేరాను. ఉంది." ఉంది, ఉంది, ఉంది. తప్పు దొరికిన ప్రతిసారీ ఇంత ఆనందపడిన ప్రూఫు ఆ ఊళ్ళో ఎప్పుడూ జరిగి ఉండదు. పక్క బల్లల వాళ్ళు కూడా చుట్టూ చేరారు. నిజంగా ఉత్త అనుమానం తగిలినచోట ఆయన "లేదు" అంటే అందరం నిరాశపడ్డాం కూడా. మూడుంబావుకి పెన్సిలు బల్ల మీద పెట్టి వేళ్ళు విరుచుకున్నారు.

మిగిలింది మెయిలు. నాలుగు లోపల క్లయింటుకి వెళ్ళాలి, మేనేజరు గారికి కాపీ. తెలుగు పబ్లిషరు కాబట్టి తెలుగులోనే రాస్తాం. జరిగింది జరిగినట్టు టైపు చేశాను. పేరాల అంకెలు మారిపోయాయని, ప్రూఫు చూసినవారు తమకిచ్చిన చోటికే వెళ్ళారని, అక్కడ నిజంగానే తప్పు లేదని రాసి, "తప్పు నాది" అని ముగించాను. మాస్టారి కన్ను పడకుండా మా ఆఫీసు నుంచి ఏ కాగితమూ బయటికి వెళ్ళదు, అందుకని ప్రింటు తీశాను.

చేతిలో ఉన్న ఆ కాగితాన్ని ఇంకోసారి చదువుకున్నాను. అప్పుడు మనసు మెల్లిగా పక్కకి జరిగింది. తర్వాతి ప్రాజెక్టుకి టీమ్ లీడుగా నా పేరు అనుకుంటున్నారని అంతకు వారం ముందే తెలిసింది. ఇంట్లో ఎక్స్‌పాత్ అర్థం కాకపోయినా ఆ మాట మాత్రం అందరికీ అర్థమైంది, మా నాన్న ఊరంతా చెప్పేశాడు కూడా. మాస్టారి తప్పు కాదని ఎలాగూ చెబుతున్నాను కదా, నా పేరు పెట్టకపోతే ఎవరికి నష్టం అనుకున్నాను. పెన్ను తీసి "తప్పు నాది" మీద గీత పెట్టి, పైన "సాంకేతిక లోపం" అని రాశాను. ఆ మాట ఎవరిదీ కాదు, హాయిగా ఉంది. కాగితం ఆయన ముందు పెట్టి నీళ్ళు తాగాలన్న మిషతో అవతలికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఆయన చదవడం ముగించారు. కాగితం నా కీబోర్డు మీద ఉంది. ఒకచోట రెండు మాటలు కలిపారు. ఒకచోట కామా తీశారు. నేను పైన రాసిన "సాంకేతిక లోపం" మీద సన్నటి గీత ఒకటి. దాని కింద, నేను కొట్టేసిన మాటల కింద, పెన్సిలు చుక్కలు. తప్పు నాది. నాలుగు అక్షరాలు, నాలుగు చుక్కలు.

ఆయన నా వైపు చూడలేదు. తర్వాతి అధ్యాయం కాగితాలు అంచులు కలిపి సర్దుకుంటున్నారు. నాకు ముఖం వేడెక్కింది, కళ్ళు చెమర్చాయి. కోపం వచ్చిందేమో అని వెతుక్కున్నాను, రాలేదు. కూర్చుని చుక్కలు చెప్పినట్టే సరిచేసి, నాలుగుకి అయిదు నిమిషాలుండగా పంపాను.

ఫోన్ మాట్లాడి మేనేజరు గారు బయటికి వచ్చేసరికి నాలుగున్నర. క్లయింటు మెయిలు చదివాడట, ఒకటి రెండు చోట్లు తనే లెక్కపెట్టి చూసుకున్నాడట. "మాస్టారూ, రెండో సంపుటం కూడా మీరే చూడాలండీ" అన్నారు. తర్వాత నా వైపు కాస్త ఇబ్బందిగా చూసి, ఆయనతోనే అన్నారు: "అడ్రసులు మాత్రం ఈసారి వేరే ఎవరి చేతైనా రాయిద్దాం. మీకు మళ్ళీ ఇలాంటి ఇబ్బంది రాకూడదు."

నేను తల దించుకున్నాను. అనాల్సినమాటే అన్నారు.

మాస్టారు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. "వద్దండీ. ఈ అమ్మాయే రాయాలి" అన్నారు. "ఎక్కడ తప్పు చేస్తదో నాకు తెలిసింది. దాచదని కూడా తెలిసింది. కొత్తవాళ్ళయితే నేను మళ్ళీ మొదటినుంచీ తెలుసుకోవాలి, నాకంత టైము లేదు."

మేనేజరు గారు నవ్వి లోపలికి వెళ్ళారు. దాచదన్నమాట నిజం కాదని ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే. ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని కొత్త కాగితం మీద, మొదటి వరస ముందు, వేలు పెట్టి కూర్చున్నారు.

"చదువమ్మా" అన్నారు.